గురి ఒకరిది, గుండె ఒకరిది

పేకముక్కని బొమ్మ మనకేసి కనబడేలా నిలబెట్టి కొట్టడం పెద్ద విశేషం కాదట. దాన్ని పక్కకి తిప్పి, సన్నని అంచు మాత్రమే మనవైపు ఉండేలా నిలబెట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి రివాల్వరుతో పేల్చి రెండు ముక్కలు చెయ్యాలిట. అదీ విశేషం. పేకముక్క మందమెంతో మీకు నేను చెప్పాలా? మధ్యాహ్నం పూట మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక రమ్మీ వేసుకునే వాళ్ళకి మరీ బాగా తెలుసు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే గొప్ప.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. వెలిగే కొవ్వొత్తి మీద మంటని మాత్రం ఆర్పడం, కొవ్వొత్తి పడిపోకూడదు. పైకి ఎగరేసిన నాణేన్ని గాల్లోనే కొట్టడం. గొడ్డలిని పదును మనవైపు ఉండేలా బిగించి, దానికి అటొక బుడగా ఇటొక బుడగా కట్టి, ఒక్క గుండుతో రెండూ పేల్చడం. గుండు పదును మీద పడి రెండుగా చీలిపోతుందన్నమాట. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్నుంచి ఇదొక వృత్తి. దీనికి టిక్కెట్లు కొని, పిల్లాజెల్లాతో వెళ్ళి, చప్పట్లు కొట్టి వచ్చేవారు.

ఈ గొడవంతా నీకెందుకమ్మా అంటారా? నా నవలల్లో ఇంతవరకు ఒక్క తుపాకీ పేలలేదు. పేలినవన్నీ మాటలే. కాని ఈమధ్య ఒక సీరియల్లో సర్కస్‌లో పనిచేసే మనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి చేతిలో ఏదో ఒక విద్య పెట్టాలి గదా అని చదవడం మొదలుపెట్టాను. సీరియల్ అయిపోయింది, ఆ మనిషి మూడో వారంలోనే కథలోంచి వెళ్ళిపోయాడు. చదవడం మాత్రం ఆగలేదు.

ముందు ఇందులో ఉన్న గుట్టు చెప్పేస్తాను. పేకముక్క సన్నమే గాని, గుండు సన్నం కాదు. పాయింట్ 38 రివాల్వరు గుండు వెడల్పు 9 మిల్లీమీటర్లు, అంటే మన చూపుడు వేలి గోరంత. ఆ వెడల్పులో ఏ మూల తగిలినా ముక్క తెగుతుంది. గొడ్డలి సంగతీ అంతే. ఎగరేసిన నాణెమైతే, పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగే ముందు ఒక్క లిప్తపాటు గాలిలో నిలబడినట్టవుతుంది. ఆ లిప్త కోసమే కాచుకుని కూర్చుంటారు. ఇంకో రహస్యం కూడా ఉంది. చుట్టూ జనం కూర్చున్న పెద్ద మైదానాల్లో, పైకి విసిరిన గాజుబంతుల్ని కొట్టడానికి కొందరు ఒక్క గుండు బదులు ఆవగింజల్లాంటి సీసపు రవ్వలు నింపిన తూటాలు వాడేవారు. గురి తప్పిన గుండు ఎక్కడో నాలుగో వరసలో కూర్చున్న పెద్దమనిషికి తగలకూడదు గదా!

ఇంతేనా, దీనికేనా చప్పట్లు అని తీసిపారెయ్యకండి. చేతి తుపాకీ ఉంది చూశారూ, అది మహా పెంకిది. పెద్ద తుపాకీ అయితే భుజానికి ఆనించుకోవచ్చు, రెండు చేతుల్తో పట్టుకోవచ్చు, గొట్టం పొడుగు. పిస్తోలుకి ఈ ఆధారాలేవీ లేవు. గురి చూడడానికి దాని వెనకవైపు ఒక చిన్న గాడి ఉంటుంది, ముందు కొసన ఒక చిన్న మొలక ఉంటుంది. ఆ రెంటికీ మధ్య దూరం ఆరంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు అనుకోండి. ఆ మొలక గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందా, 10 మీటర్ల దూరంలో గుండు ఆరున్నర సెంటీమీటర్లు పక్కకి పోతుంది. ఇందాకటి పేకముక్కని కోయాలంటే మొలక ఒక వెంట్రుక మందం కంటే ఎక్కువ కదలకూడదు. చెయ్యి కదలకూడదు సరే, గుండె కొట్టుకోవడం మాటేమిటి? ఊపిరి? మీట నొక్కే వేలు ఉన్నట్టుండి గుంజినా చాలు, తుపాకీ మూతి కిందికి వంగుతుంది. అందుకని వేలు ఎప్పుడు నొక్కిందో తనకే తెలియనంత మెల్లగా నొక్కాలని నేర్పుతారు.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటి. కొట్టవలసిన వస్తువుని చూడకూడదట! కన్ను ఆ ముందు మొలక మీద నిలపాలి. దూరంగా ఉన్న వస్తువు మసకమసగ్గా కనిపిస్తే చాలు. ఇది చదవగానే సూదిలో దారం ఎక్కించడం గుర్తొచ్చింది. చేతిలో ఉన్న ఆ రవ్వంత బెజ్జం మీద చూపు నిలిస్తే ఎదురుగా ఉన్న గోడా, గడియారం, గుమ్మంలో నిలబడి కాఫీ అడిగే మనిషీ, అందరూ అలుక్కుపోతారు.

ఈ విద్యలో పండితుడని పేరు పొందినవాడు ఎడ్ మెగివర్న్. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో లూయిస్‌టౌన్ అనే ఊరివాడు. వృత్తి ఏమిటనుకున్నారు? దుకాణాలకి సైన్‌బోర్డులు రాయడం. ఫొటోలో చూస్తే బొద్దుగా, మన పక్కవీధి కిరాణాకొట్టు శెట్టిగారిలా ఉంటాడు. ఆ మనిషి 1932లో, అంటే యాభై ఏడు దాటిన వయసులో, 15 అడుగుల దూరం నుంచి రివాల్వరుతో సెకనులో సగం కూడా పట్టకుండా, 0.45 సెకన్లలో, అయిదు గుళ్ళు పేల్చాడు. ఆ అయిదు బెజ్జాల మీదా ఒక అర డాలరు నాణెం పెడితే కప్పేసింది. మనం 'అయ్యో' అనేలోగా అయిదన్నమాట. టైము కొలవడానికి కరెంటుతో పనిచేసే పరికరాలు తనే చేయించుకున్నాడు. 1938లో దీని మీద లావుపాటి పుస్తకం కూడా రాశాడు. నేను అతణ్ణి గౌరవిస్తాను. బ్రష్షు పట్టుకున్న చెయ్యి గనక గీత వణక్కుండా గియ్యడం అలవాటై ఉంటుందని నా ఊహ. బోర్డులు రాసేవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టే కదా గీస్తారు.

మా పిన్ని చెయ్యి కూడా అలాంటిదే. కుట్టుమిషను సూదిలో ఒక్కసారికే దారం ఎక్కించేది, చివర తడి కూడా చేసేది కాదు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, సంక్రాంతి సెలవుల్లో, పిన్నీ బాబాయీ మమ్మల్ని నాంపల్లి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళారు. అక్కడ బెలూన్లు కొట్టే దుకాణం మీరందరూ చూసే ఉంటారు. చెక్క మీద రంగురంగుల బెలూన్లు వరసలుగా గుచ్చి, ముందు బల్ల మీద ఎయిర్‌గన్లు పెడతారు. ఆ దుకాణంలో పొడుగు తుపాకులతో పాటు ఒక పిస్తోలు కూడా ఉంది. బాబాయి పొడుగుది తీసుకుని పది గుళ్ళకి రెండు బెలూన్లు పగలగొట్టి, "ఈ తుపాకీలన్నీ దొంగవి" అన్నాడు. ఆ మాట నిజమే. అలాంటి చోట్ల గురి చూసే మొలక కొంచెం వంకరగా ఉండడం లోకమంతటా ఉన్న మర్యాద.

పిన్ని పిస్తోలు తీసుకుంది. మొదటి గుండు తప్పింది. రెండోదీ తప్పింది. "ఇది ఎడంపక్కకి లాగుతోందండీ" అంది బాబాయితో, మిషను బెల్టు జారుతోందని చెప్పినట్టుగా. మూడోసారి కావాలని కుడివైపు చూసి పేల్చింది. ఇక ఆ తర్వాత ఏడు బెలూన్లు వరసగా పోయాయి. ఇంకో రెండు రూపాయలు. మళ్ళీ పదికి తొమ్మిది. చుట్టూ జనం చేరారు. బాబాయి చంకలో మా తమ్ముణ్ణి ఎత్తుకుని, భుజానికి పిన్ని హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, చేత్తో తినగా మిగిలిన మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ఆ ముఖంలో వెలుగు నాకిప్పటికీ గుర్తే. మొగుడి ముఖం అలా వెలగడం ఆ తర్వాత చాలా ఇళ్ళల్లో వెతికాను గాని, తరచుగా కనబడలేదు.

ఇంటికెళ్ళాక మామ్మగారికి, అంటే పిన్ని అత్తగారికి, ఈ సంగతి తెలిసింది. "ఆడది తుపాకీ పట్టుకుంటే ఇంటికి అరిష్టం" అన్నారావిడ. "అరిష్టం బెలూన్లకేలే అమ్మా" అన్నాడు బాబాయి. అంతటితో ఊరుకోకుండా హుషారెక్కి, పళ్ళెంలోంచి ఒక బత్తాయి తీసి నెత్తి మీద పెట్టుకుని, "ఏమోయ్, దీన్ని కొడతావా?" అన్నాడు. అందరం గొల్లుమన్నాం. పిన్ని నవ్వలేదు. "అది దింపండి ముందు. బెలూను తప్పితే రెండు రూపాయలు పోతాయి, అంతేగా. వేళాకోళానికైనా అలా నిలబడకండి" అంది. గొంతు మారిపోయింది. బాబాయి గబుక్కున బత్తాయి దించేసి, వొలుచుకుని తినేశాడు.

సీరియల్ కోసం చదువుతున్నన్నాళ్ళూ ఆ బత్తాయే నా కళ్ళ ముందు మెదిలింది. ఎందుకంటే ఈ గురి విద్యలో సగం ఆటలు వస్తువు మీద ఆడేవి కావు. వస్తువుని పట్టుకున్న మనిషి మీద ఆడేవి. పెదవుల మధ్య సిగరెట్టు, వేళ్ళ మధ్య నాణెం, నెత్తి మీద ఆపిల్. గురి తప్పకుండా కొట్టినవాడి పేరు పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేస్తారు. కదలకుండా నిలబడ్డవాళ్ళ పేరు వెయ్యరు. స్విట్జర్లాండ్ వాళ్ళ విలియం టెల్ కథ మనం స్కూల్లో చదువుకున్నాం. దుర్మార్గుడైన అధికారి బలవంతం మీద కొడుకు నెత్తిన ఆపిల్ పెట్టి బాణంతో కొట్టాడని. ఆ కుర్రాడి పేరెంతమందికి గుర్తుంది? మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మత్స్యయంత్రం దగ్గర గురి చేప మీద, పందెం ద్రౌపది. ఆవిడ దండ పట్టుకుని నిలబడింది, అంతే. చివరికి ఎంతమందికి ఇల్లాలయిందో మీకు తెలుసు.

మన ఊళ్ళకి వచ్చే సర్కసుల్లో కత్తులు విసిరే ఆట చూడండి. విసిరేవాడు మగవాడు, చెక్కకి ఆనుకుని నిలబడేది ఆడపిల్ల. తళుకుల బట్టలు కట్టుకుని, నవ్వుతూ నిలబడాలి. ఆ నవ్వు కూడా ఉద్యోగంలో భాగమే. ఆ ఆట చూసినప్పుడల్లా మా అమ్మ, "ఆ పిల్ల తల్లి ఎక్కడుందో" అనేది. చప్పట్లు కొట్టేది కాదు.

ఇది తిరగబడ్డ చోటు ఒకటుంది. అందుకే ఆనీ ఓక్లీ అంటే నాకంత ఇష్టం. అసలు పేరు ఫీబీ ఆన్ మోజీ. 1860లో ఒహాయో రాష్ట్రంలో డార్క్ కౌంటీ అనే చోట బీద ఇంట పుట్టింది. ఆరేళ్ళు నిండేలోగానే తండ్రి పోయాడు. ఇంట్లో గడవక ఆ పిల్లని అనాథల్నీ దిక్కులేనివాళ్ళనీ ఉంచే శరణాలయంలో పెట్టారు. అక్కడ కుట్టూ అల్లికా నేర్చుకుంది. అక్కణ్ణించి ఒక ఇంట్లో పనికి కుదిరితే, వాళ్ళు పెట్టిన బాధలు ఇన్నీ అన్నీ కావు. జీవితాంతం వాళ్ళ పేరెత్తకుండా 'తోడేళ్ళు' అనే అనేది. పారిపోయి ఇంటికొచ్చి, తండ్రి తుపాకీ తీసి అడవిలో పిట్టల్నీ కుందేళ్ళనీ కొట్టి దుకాణాలకి అమ్మి, తల్లి ఇంటి మీదున్న తాకట్టు అప్పు తీర్చింది. మనిషి అయిదడుగులు. తుపాకీ, రైఫిలు, రివాల్వరు, ఏది చేతికిచ్చినా ఒకటే.

ఫ్రాంక్ బట్లర్ అని, ఊరూరా తిరిగి గురి ఆటలు ప్రదర్శించే ఐరిష్‌వాడు. సిన్సినాటీ దగ్గర పందెం వేస్తే, ఎవరో కుర్రాడొస్తాడనుకుంటే ఈ గౌను వేసుకున్న పిల్ల వచ్చి నిలబడింది. ఒక్క గుండు తేడాతో ఓడిపోయాడు. ఓడిపోయినవాడు ఏం చేశాడంటారా? పెళ్ళి చేసుకున్నాడు. మన సినిమాల్లోనూ ఇలాగే చేసుకుంటారు, కాని పెళ్ళయ్యాక హీరోయిన్ విద్య అటకెక్కుతుంది. ఇక్కడ కథ అలా నడవలేదు.

ఆనీ మొదట స్టేజి ఎక్కింది పేల్చడానికి కాదు, పట్టుకోవడానికి. 1882లో ఫ్రాంక్ భాగస్వామికి జబ్బు చేస్తే, అతని బదులు వస్తువులు పట్టుకుని నిలబడడానికి పెళ్ళాం వచ్చింది. ఆవేళ ఫ్రాంక్ గురి కుదరలేదనీ, మళ్ళీ మళ్ళీ తప్పుతుంటే జనంలోంచి ఎవరో ఆ అమ్మాయినే కొట్టనివ్వమని అరిచారనీ చెబుతారు. తుపాకీ ఆవిడ చేతికి వచ్చింది. వస్తువు ఆయన చేతికి వెళ్ళింది. ఇక మళ్ళీ మార్చుకోలేదు. ఆయన సిగరెట్టు పెదవుల మధ్య పెట్టుకుని నిలబడితే ఆవిడ దాని కొస ఎగరగొట్టేది. వేళ్ళ మధ్య నాణెం పట్టుకుంటే అది ఎగిరిపోయేది. పేకముక్క నిలువుగా పట్టుకుంటే రెండయ్యేది. వీపు తిప్పి నిలబడి, అద్దంలో చూస్తూ, భుజం మీదుగా వెనక్కి పేల్చేది. కొన్నిసార్లు అద్దం కూడా కాదు, తళతళలాడే కత్తి పలకలో చూసుకునేది. నీళ్ళలో నీడ చూసి కొట్టిన మన అర్జునుడు ఉంటే సంతోషించేవాడు.

కొన్నాళ్ళకి ఫ్రాంక్ తను పేల్చడం మానేసి, ఆవిడకి మేనేజరయ్యాడు. 1885లో బఫెలో బిల్ నడిపే 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శనలో చేరారు. ఒప్పందాలు రాసుకోవడం, రైళ్ళూ బసలూ చూసుకోవడం, తూటాలు సిద్ధం చేసుకోవడం, పత్రికల వాళ్ళతో మాట్లాడడం ఆయన పని. 1887లో విక్టోరియా రాణి జూబిలీకి లండన్ వెళ్ళినప్పుడు రాణిగారు పిలిపించి మెచ్చుకున్నది ఆనీని. ఆ పక్కన నిలబడ్డ మొగుడి మనసులో ఏమనుకున్నాడో గాని, నలభై ఏళ్ళ పైచిలుకు ఆ నిలబడడం మానలేదు. ఆటకీ ఆటకీ మధ్య ఆవిడ తన డేరాలో కూర్చుని ఎంబ్రాయిడరీ చేసుకునేది. స్టేజి మీద వేసుకునే బట్టలు తనే కుట్టుకునేది. చూశారా, మళ్ళీ సూదే.

ఇప్పుడు ఇంకో భార్యాభర్తల సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటెయ్యాలనే ఉంది. కాని అతను నా వృత్తివాడు, నవలలు రాసేవాడు. దాటేస్తే న్యాయం కాదు.

విలియం బరోస్ అనే అమెరికన్ రచయిత, భార్య జోన్ వోల్మర్. 1951 సెప్టెంబరు 6న మెక్సికో నగరంలో స్నేహితుల గదిలో అందరూ తాగుతున్నారు. బరోస్ దగ్గర పిస్తోలుంది. విలియం టెల్ ఆట ఆడదామన్నాడు. ఆవిడ నెత్తి మీద గాజుగ్లాసు పెట్టుకుంది. అతను పేల్చాడు. గ్లాసు చెక్కుచెదరకుండా నేల మీద పడి దొర్లిందని అక్కడున్నవాళ్ళు చెప్పారు. గుండు నుదుటికి తగిలింది. ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళ కొడుకూ, మొదటి భర్త వల్ల పుట్టిన ఒక కూతురూ ఉన్నారు. అతను మొదట ఉన్నదున్నట్టు చెప్పి, తర్వాత పిస్తోలు దానంతటదే పేలిందని మాట మార్చాడు. జైల్లో ఉన్నది పదమూడు రోజులు. మెక్సికో వదిలి వెళ్ళిపోయాక అతను లేకుండానే కోర్టు వేసిన రెండేళ్ళ శిక్ష కూడా అమలు కానిదే. తర్వాత పెద్ద రచయిత అయ్యాడు. 1985లో అచ్చయిన ఒక నవలకి ముందుమాట రాస్తూ, జోన్ చనిపోయి ఉండకపోతే తను రచయితని అయ్యేవాణ్ణే కానన్నాడు.

అక్కడ పుస్తకం మూసేశాను. పశ్చాత్తాపంతో రాసిందేనని మెచ్చుకునేవాళ్ళున్నారు. ఉండొచ్చు. కాని నాకు మాత్రం ఆ గదిలో గ్లాసు నెత్తిన పెట్టుకున్న క్షణంలో ఆవిడ ఏమనుకుందో తెలుసుకోవాలని ఉంది. అతని గురి మీద నమ్మకమా? వద్దంటే నలుగురిలో నవ్వుతారని మొహమాటమా? ఆ మొహమాటం మనకి కొత్తది కాదు. తాగి కారు నడుపుతానంటే పక్క సీట్లో కూర్చోవడం, తెలిసీ తెలియని వ్యాపారానికి గాజులు తీసివ్వడం, ఇవన్నీ నెత్తిన గ్లాసు పెట్టుకోవడం కాదూ? 'నా మీద నమ్మకం లేదా?' అని అడుగుతారు. అడిగినవాడి చెయ్యి వణుకుతోందో లేదో చూసి జవాబు చెప్పే హక్కు మనకుంది. ఫ్రాంక్ బట్లర్ ప్రతిరోజూ పెళ్ళాం సాధన చూస్తూ, తూటాలు తన చేత్తో సర్దుతూ, ఆ చెయ్యి ఎలాంటిదో తెలిసి నిలబడ్డాడు. పైగా తనూ ఆ విద్య తెలిసినవాడే. జోన్ నిలబడిందేమో తాగిన మనిషి ముందు.

అందుకే ఈ కాలపు పిస్తోలు పోటీలు చూస్తే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఎదురుగా మనిషి ఉండడు. కాగితం ఉంటుంది, లేకపోతే దాని బదులు కరెంటు పలక. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో నడుమనున్న పది మార్కుల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, మన చొక్కా గుండీ అంత. పిస్తోలు ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. రెండో చెయ్యి జేబులో పెట్టుకుంటారు, లేదా నడుం పట్టీలో దోపుకుంటారు. ఉత్తరప్రదేశ్‌లో బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అనే ఆవిడ, అరవై దాటాక, 1999లో మనవరాలికి తోడుగా షూటింగ్ నేర్పే చోటికి వెళ్ళింది. ఆ పిల్ల తుపాకీ నింపలేక తడబడుతుంటే తను అందుకుని పేల్చింది. గురి సూటిగా తగిలింది. ఇంట్లో మగవాళ్ళు ఒప్పుకోరని, అందరూ పడుకున్నాక చేత్తో నీళ్ళ కూజా చాచి పట్టుకుని, చెయ్యి వణక్కుండా సాధన చేసేదట. నీళ్ళు మోసీ మోసీ ఉన్న చెయ్యి గదా, వణుకుతుందా? తోడికోడలు ప్రకాశీ తోమర్ కూడా చేరింది. ముసుగు వేసుకున్న ఈ ముసలమ్మల చేతుల్లో ఎంతమంది మగాళ్ళు ఓడిపోయారో! 2019లో వాళ్ళ మీద హిందీ సినిమా కూడా వచ్చింది. చంద్రో 2021లో కోవిడ్‌తో పోయింది.

మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో పిస్తోలులో జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో ఒక బంగారం, మూడు వెండి పతకాలు తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ రెండు కంచు పతకాలు గెలిచినప్పుడు మా అపార్టుమెంట్లో వంటలు మానేసి టీవీల ముందు కూర్చున్నాం. ఆ పిల్లల ముఖాల్లో ఆ కొద్ది సెకన్లూ ఏ భావమూ ఉండదు. నవ్వమని ఎవరూ అడగరు.

ఆనీ మొగుడి సంగతి మధ్యలో వదిలేశాను. వాళ్ళకి పిల్లల్లేరు. చివరి రోజుల్లో డేవ్ అనే కుక్కని పెంచుకున్నారు. ఆ కుక్క నెత్తి మీద ఆపిల్ పెడితే అది కదలకుండా కూర్చునేది. ఆనీ పేల్చగానే ఎగిరిన ఆపిల్ ముక్కల్ని నోటితో అందుకుని తినేసేది. గుండు అంటే భయం లేకపోవడానికి కారణం నమ్మకమో, ఆపిల్ రుచో, ఆ కుక్కకే తెలియాలి. 1922లో ఫ్లోరిడాలో కారు తిరగబడి ఆనీ తుంటి ఎముక విరిగింది. కాలికి ఇనప పట్టీ కట్టుకుని, తర్వాత ఏడాదిన్నరలోపే మళ్ళీ తుపాకీ పట్టింది. ఇప్పుడు అరవై దాటిన ఆవిడకి డెబ్భై దాటిన ఆయన సాయం.

1926 నాటికి ఇద్దరికీ ఆరోగ్యం బాగాలేదు. ఆవిడ పుట్టింటి ప్రాంతంలో, గ్రీన్‌విల్‌లో ఉంది. ఆయన మిషిగన్‌లో బంధువుల దగ్గర మంచం పట్టి ఉన్నాడు. నవంబరు 3న ఆవిడ పోయింది. కబురు తెలిశాక ఆయన తిండి మానేశాడంటారు. నవంబరు 21న ఆయనా పోయాడు. ఇద్దర్నీ గ్రీన్‌విల్‌కి దగ్గర్లో ఒక చిన్న శ్మశానంలో పక్కపక్కన పెట్టారు.